ఒకే పుస్తకం, రెండు తెరలు: ఫాంటసీ సిరీస్‌ను సినిమాగా తీయాలా, ఎపిసోడ్లుగా తీయాలా?

ఫిలిప్ పుల్మన్ రాసిన మూడు పుస్తకాల ఫాంటసీ హిజ్ డార్క్ మెటీరియల్స్. అందులో మొదటి పుస్తకం రెండుసార్లు తెరకెక్కింది. 2007లో ద గోల్డెన్ కంపాస్ అనే పేరుతో సినిమాగా వచ్చింది. పెద్ద తారలున్నారు, బడ్జెట్ 18 కోట్ల డాలర్లు, విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కూడా దక్కింది. అయినా రెండో భాగం రాలేదు. 2019లో బీబీసీ, హెచ్‌బీఓ కలిసి అదే కథను సిరీస్‌గా మొదలుపెట్టాయి. 2022 కల్లా 3 సీజన్లు, 23 ఎపిసోడ్లలో మూడు పుస్తకాలూ పూర్తిచేశాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు గంటల్లో అంత కథ పట్టలేదని చెప్పి ఊరుకోవచ్చు. నాకు మాత్రం అసలు దెబ్బ ఇంకోచోట తగిలిందనిపిస్తుంది. ఆ పుస్తకం చివరి అధ్యాయాలు చాలా చేదుగా ఉంటాయి. లైరా అనే పిల్ల ఎన్నో కష్టాలకోర్చి కాపాడుకున్న స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని తండ్రి దగ్గరికి చేరుతుంది. అక్కడే ఆ పిల్లవాడి ప్రాణం మీదికి వస్తుంది. పుస్తకం మొత్తం ఆ ఘట్టం వైపే నడుస్తుంది. సినిమావాళ్లు దాన్ని షూట్ చేశారు కూడా. కానీ ప్రేక్షకుల్ని ఆశతో ఇంటికి పంపాలనుకుని, ఆ ఘట్టాన్ని రెండో సినిమా మొదట్లో పెట్టుకుందామని పక్కన పెట్టేశారు. రెండో సినిమా లేదు కాబట్టి ఆ ఘట్టమూ లేదు. సిరీస్ మాత్రం మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో దాన్ని ఉన్నదున్నట్టు చూపించింది.

ఒక ప్రియమైన ఫాంటసీ సిరీస్‌ను ఏ రూపంలో తీయాలి అన్న ప్రశ్నకు నేను వెతికే జవాబు ఇక్కడినుంచే మొదలవుతుంది. ఆ కథకున్న అసలు ముగింపు వరకూ ఏ రూపం మోయగలదో ఆ రూపమే దానికి సరైనది. పేజీల లెక్క, బడ్జెట్, తారలు, అన్నీ దాని తర్వాతే. మీరు హక్కులు కొన్నవారైనా, స్క్రీన్‌ప్లే రాస్తున్నవారైనా, మీ పుస్తకాన్ని ఎవరికి ఇవ్వాలా అని ఆలోచిస్తున్న రచయితైనా, ముందు కథ కంచికి చేరే దారి చూసుకుని ఆ తర్వాతే బండెక్కండి.

పేజీల లెక్క ఎందుకు మోసం చేస్తుంది

లావు పుస్తకమైతే సిరీస్, సన్న పుస్తకమైతే సినిమా అని చాలామంది అనుకుంటారు. హ్యారీ పాటర్ సినిమాలు చూడండి. ఏడు పుస్తకాల్లో అన్నింటికంటే లావైనది అయిదోది. దాని సినిమా 138 నిమిషాలు, ఎనిమిది సినిమాల్లో పొట్టివాటిలో ఒకటి. రెండో పుస్తకం చాలా సన్నది. దాని సినిమా 161 నిమిషాలు, అన్నింట్లోకి పొడవైనది. అయిదో పుస్తకంలో చాలా పేజీలు హ్యారీ కోపానికీ, ఒంటరితనానికీ, స్కూల్లో రోజురోజుకీ బిగుసుకునే వాతావరణానికీ పోతాయి. తెర మీద నటుడి ముఖం, నాలుగైదు షాట్లు ఆ పని చేసేస్తాయి. రెండో పుస్తకం అలా కాదు, అదొక అపరాధ పరిశోధన. ఒక ఆధారం తీసేస్తే తర్వాతది నిలబడదు. అందుకని ప్రతిదీ చూపించాల్సి వచ్చింది.

కాబట్టి లెక్కపెట్టాల్సింది ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ సంఘటనల్ని. పుస్తకం పక్కన కాగితం పెట్టుకుని, 'ఇది జరక్కపోతే తర్వాతది జరగదు' అనిపించే సంఘటనలు మాత్రమే రాసుకుంటూ వెళ్లండి. ఎనిమిది వందల పేజీల పుస్తకంలో అలాంటివి ముప్ఫై తేలవచ్చు, మూడొందల పేజీల పుస్తకంలో అరవై తేలవచ్చు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ద హాబిట్ చూస్తే తెలుస్తుంది. 1937లో పిల్లల కోసం వచ్చిన ఒక్క పుస్తకం అది. 1977లో టీవీ కోసం యానిమేషన్‌లో తీసినప్పుడు గంటా పావు దాటిన కాసేపటికి ముగిసింది. 2012, 2013, 2014ల్లో మూడు సినిమాలుగా తీసినప్పుడు అన్నీ కలిపి దాదాపు ఎనిమిది గంటలైంది. మొదట రెండు సినిమాలే అనుకున్నారు, తర్వాత మూడు చేశారు. సాగదీయడం వల్ల పోయింది సమయం ఒక్కటే కాదు. పుస్తకంలో బిల్బో అనే చిన్నవాడి ప్రయాణంగా ఉన్న కథ, చివరికొచ్చేసరికి పెద్ద యుద్ధంలో అతణ్ణి వెతుక్కోవాల్సినట్టు తయారైంది. స్టీఫెన్ కింగ్ ద డార్క్ టవర్‌కి దీనికి పూర్తి తలకిందులు జరిగింది. ఎనిమిది పుస్తకాల ప్రపంచం 2017లో 95 నిమిషాల సినిమా అయింది. చదివినవాళ్లు తమ కథను అందులో గుర్తుపట్టలేకపోయారు.

సినిమాల వరుస: ఎవరికి నప్పుతుంది

ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ కూడా ఒకటికంటే ఎక్కువసార్లు తెరకెక్కింది. 1978లో రాల్ఫ్ బాక్షీ యానిమేషన్‌లో తీశారు. అది కథ సగం దగ్గర ఆగిపోతుంది. మొదటి భాగం అన్న మాట టైటిల్లో లేకపోవడంతో, మొత్తం కథ చూద్దామని వెళ్లినవాళ్లకు దారి మధ్యలో దింపేసినట్టయింది. దాని రెండో భాగం ఎప్పటికీ రాలేదు.

తర్వాత అదే కథను నటులతో తీసిన పీటర్ జాక్సన్ చేసిన ముఖ్యమైన పని కథ మొత్తాన్ని ఒకే షూటింగ్‌గా పూర్తి చేయడం అని నా నమ్మకం. 1999 అక్టోబర్ నుంచి 2000 డిసెంబర్ దాకా న్యూజిలాండ్‌లో 274 రోజులు, మూడు సినిమాలూ కలిపి తీశారు. మొదటి సినిమా 2001 డిసెంబర్‌లో విడుదలయ్యేసరికి మూడోదాని ప్రధాన షూటింగ్ కూడా అయిపోయింది, తర్వాత అదనపు షాట్లు మాత్రం తీశారు. మొదటిది ఆడకపోయినా కథ మధ్యలో తెగేది కాదు. అంతకుముందు ఈ ప్రాజెక్ట్ చేతిలో ఉన్న స్టూడియో రెండు సినిమాలకు ఒప్పుకుని, ఆ తర్వాత ఒక్క సినిమాకే కుదించమంది. జాక్సన్ వేరే స్టూడియో వెతుక్కున్నారు. ఆ కొత్త స్టూడియో పెద్దాయన, పుస్తకాలు మూడున్నప్పుడు సినిమాలు రెండెందుకు అని అడిగారు. 2004లో మూడో సినిమాకు 11 ఆస్కార్లు వచ్చాయి, పోటీపడ్డ విభాగాలన్నింట్లోనూ గెలిచింది. ఆ పదకొండింటి వెనక ఆ ఒక్క ప్రశ్న ఉంది.

ఆ కథ సినిమాకు ఎందుకు లొంగిందంటే, దానికి ఒక గమ్యం ఉంది. ఒక దుష్ట ఉంగరాన్ని అగ్నికొండలో వేసి నాశనం చేయాలి. ఎన్ని ఉపకథలున్నా అన్నీ ఆ పని చుట్టూ తిరుగుతాయి. అందుకే టామ్ బొంబడిల్ లాంటి పాత్రను పూర్తిగా తీసేసినా కథ కుంటుపడలేదు. రెండో పుస్తకంలో సగం దాకా ఒక బృందం కథ, మిగతా సగం ఉంగరాన్ని మోసుకెళ్లే హీరో ఫ్రోడో కథ ఉంటాయి. సినిమాలో రెండింటినీ కలిపి అల్లారు, సాలీడు ఘట్టాన్ని మూడో సినిమాకు జరిపారు. చదువుతున్నప్పుడు వందల పేజీలు ఫ్రోడో కనపడకపోయినా మనం ఓపిక పడతాం. థియేటర్లో గంటన్నర సేపు హీరో కనపడకపోతే ఎవరూ కూర్చోలేరు. అలాంటి మార్పును నేను ద్రోహం అనను, కథ మీద ప్రేమతో చేసిన పని అంటాను.

మరి సినిమాల వరుసలో ప్రమాదం ఏమిటి? ప్రతి సినిమా తర్వాతి సినిమాకు డబ్బు సంపాదించి పెట్టాలి. నార్నియా పుస్తకాలు ఏడు. 2005, 2008, 2010ల్లో మూడు సినిమాలు వచ్చి ఆ వరుస ఆగింది. ఎరగాన్ 2006లో ఒక్క సినిమాతోనే నిలిచిపోయింది. మూడు సినిమాల దాకా ఒకేసారి తీసే ధైర్యం, డబ్బు ఉంటే తప్ప, ఒక్కొక్క పుస్తకం మీద ఒక్కొక్క సినిమా అనే దారి చాలా టెన్షన్ పెట్టేది. మొదటి సినిమా చివర ప్రశ్నార్థకాలు వదిలేసి, వాటికి జవాబు ఎప్పటికీ చెప్పలేని పరిస్థితి వస్తే, ఆ బాధ ఎక్కువగా పడేది పుస్తకం చదవని పిల్లలే.

ఎపిసోడ్లు: చోటు ఎక్కువ, భయం కూడా ఎక్కువే

సిరీస్ అంటే అభిమానులకు ముందు గుర్తొచ్చేది చోటు. ఏదీ కత్తిరించక్కర్లేదు అనుకుంటారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ తొలి సీజన్లు ఆ ఆశను పెంచాయి. 2011లో మొదటి పుస్తకం పది ఎపిసోడ్లయింది. మూడో పుస్తకాన్ని రెండు సీజన్లకు పంచారు. ఆ పుస్తకాల్లో ప్రతి అధ్యాయం ఒక పాత్ర పేరు మీద, ఆ పాత్ర కళ్లతో నడుస్తుంది. ఒక గమ్యం వైపు అందరూ నడిచే కథ కాదది. పది మంది పది చోట్ల తమ తమ బతుకుల కోసం పెనుగులాడే కథ. అలాంటిదానికి ఎపిసోడే సహజమైన ఇల్లు.

అయినా చోటు ఉన్నంత మాత్రాన పని తేలికవదు. 2009లో తీసిన మొదటి పైలట్‌ను, అంటే పరీక్షగా తీసిన తొలి ఎపిసోడ్‌ను, స్నేహితులకు చూపిస్తే, కథకు ప్రాణమైన ఇద్దరు పాత్రలు అక్కాతమ్ముళ్లన్న సంగతే వాళ్లకు అర్థం కాలేదని ఆ సిరీస్ రాసినవాళ్లే చెప్పారు. ఆ పైలట్‌లో చాలాభాగం మళ్లీ తీయాల్సి వచ్చింది. పుస్తకంలో ఒక్క వాక్యంతో తేలిపోయే బంధుత్వం తెర మీద ఎవరో ఒకరు నోటితో చెబితే తప్ప తెలియదు. చెబితే కృతకంగా వినిపించే ప్రమాదం ఉంది. వంశవృక్షాలు, రాజ్యాలు, వింత పేర్లు నిండిన ఫాంటసీల్లో ఈ ఇబ్బంది మొదటి గంటలోనే ఎదురవుతుంది.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ మొదటి సీజన్‌లో ఒక పెద్ద యుద్ధం మొదలయ్యేలోపే టిరియన్ పాత్రకు తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పుతుంది. లేచేసరికి యుద్ధం అయిపోయి ఉంటుంది. యుద్ధం తీసేంత బడ్జెట్ లేక వేసిన ఉపాయం అది. పనిచేసింది కూడా. మీ పుస్తకంలో యుద్ధాల కంటే మాటలు, కుట్రలు, గదుల్లో నడిచే భయం ఎక్కువగా ఉంటే సిరీస్‌కి వెళ్లండి. ప్రతి మూడో అధ్యాయంలో డ్రాగన్ ఎగరాల్సి ఉంటే, పది గంటల పాటు దాన్ని నమ్మకంగా చూపించే ఖర్చు ఎవరు పెడతారో ముందే తేల్చుకోండి.

సిరీస్ అంటే నాకున్న పెద్ద భయం రద్దు. ద వీల్ ఆఫ్ టైమ్ పద్నాలుగు పుస్తకాల కథ. 1990లో మొదలై 2013లో ముగిసింది. మధ్యలో 2007లో రచయిత రాబర్ట్ జోర్డాన్ చనిపోతే, చివరి మూడు పుస్తకాలను ఆయన విడిచి వెళ్లిన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశారు. రచయిత మరణాన్ని కూడా దాటి ముగింపుకు చేరిన కథ తెర మీద మూడు సీజన్లకే, 2025లో, ఆగిపోయింది. మూడో సీజన్ ప్రధానంగా నాలుగో పుస్తకం ఆధారంగా నడిచింది. అంటే ఇంకా పది పుస్తకాలు మిగిలాయి. ఎనిమిదేసి ఎపిసోడ్ల సీజన్లతో, రెండేళ్లకొక సీజన్ చొప్పున పద్నాలుగు పుస్తకాలు పూర్తికావాలంటే ఎన్నేళ్లు పడుతుందో కాగితం మీద కూడికలు చేస్తే మొదటి రోజే తెలుస్తుంది. అంత పొడుగు కథను ఎంచుకున్నప్పుడు, ఏ పుస్తకాలను కలిపేయాలో, ఏ సీజన్ చివర కథ కాస్త ఊపిరి తీసుకుని నిలబడగలదో ముందే గీసుకోవాలి.

పిల్లలే హీరోలైతే

ఇక్కడ పెర్సీ జాక్సన్ మంచి పాఠం. 2010, 2013ల్లో రెండు సినిమాలు వచ్చి ఆగాయి. 2023 డిసెంబర్‌లో మొదటి పుస్తకం ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌గా మళ్లీ మొదలైంది. ఈసారి రచయిత రిక్ రియోర్డాన్ కూడా రాతలో కూర్చున్నారు. పుస్తకంలో పెర్సీకి పన్నెండేళ్లు. సినిమాలో టీనేజ్ కుర్రాడిగా మార్చారు. వయసు పెంచితే ఏం పోతుంది అనిపించవచ్చు. కానీ ఆ అయిదు పుస్తకాలనూ కట్టి ఉంచేది ఒక జోస్యం. పదహారేళ్లు నిండేసరికి అతని నిర్ణయం దేవతల లోకాన్ని నిలబెట్టనూవచ్చు, కూల్చనూవచ్చు. పన్నెండు నుంచి పదహారు దాకా నడిచే ఆ నాలుగేళ్ల గడియారమే కథకు ఊపిరి. మొదటి సినిమాలోనే ఆ వయసు దగ్గరపడితే గడియారం తిరగడానికి చోటేదీ?

పిల్లల కథను ఎంచుకునేటప్పుడు సినిమాకూ సిరీస్‌కూ ఒకే శత్రువు, అదే కాలం. హ్యారీ పాటర్ సినిమాలు 2001 నుంచి 2011 దాకా పదేళ్లలో ఎనిమిది వచ్చాయి. అందులో పాత్రల వయసూ నటుల వయసూ మరీ దూరం కాలేదు. అలా ఏడాది, ఏడాదిన్నరకొకటి తీయగల యంత్రాంగం ఉందా అన్నది మీరు వేసుకోవాల్సిన ప్రశ్న. సీజన్‌కూ సీజన్‌కూ మధ్య రెండున్నరేళ్లు పట్టే పద్ధతిలో పన్నెండేళ్ల హీరోతో అయిదు పుస్తకాలు మొదలుపెడితే, చివరి సీజన్‌కి ఆ అబ్బాయికి గడ్డాలొచ్చేస్తాయి.

అలాంటప్పుడు యానిమేషన్

యానిమేషన్ అంటే చిన్నపిల్లలకే అన్న అపోహ వల్ల దీన్ని చివరి దారిగా చూస్తారు. పాత్రకు వయసు పెరగదు, నటుడు మారినా గొంతు ఒక్కటే మారుతుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. పుల్మన్ కథలో లైరా ఉండే లోకంలో ప్రతి మనిషి ఆత్మ ఒక జంతువు రూపంలో పక్కనే తిరుగుతుంది. నటులతో తీస్తే, జనం నిండిన వీధి షాట్‌లో ఎంతమంది మనుషులో అన్ని జంతువుల్ని గ్రాఫిక్స్‌లో చేయాలి. నటులు ఒట్టి గాలిని చూస్తూ మాట్లాడకుండా బీబీసీ సిరీస్ సెట్‌లో తోలుబొమ్మల్లాంటి బొమ్మల్ని వాడి, తర్వాత వాటి చోట గ్రాఫిక్స్ పెట్టారు. గీసే లోకంలో అయితే మనిషీ జంతువూ ఒకే చేతి నుంచి వస్తాయి, రెండూ ఒకే గాలి పీలుస్తున్నట్టుంటాయి.

మార్పుల విషయంలో కూడా యానిమేషన్‌కి ప్రేక్షకులు ఎక్కువ చనువిస్తారని నా పరిశీలన. డయానా విన్ జోన్స్ 1986 నవలను 2004లో హయావో మియజాకి హౌల్స్ మూవింగ్ కాజిల్‌గా తీసినప్పుడు యుద్ధం అనే పెద్ద అంశాన్ని తనదిగా తెచ్చి కలిపారు. హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్ పుస్తకాల్లో హీరో డ్రాగన్ చిన్నది, మామూలుది. 2010 సినిమాలో అది అరుదైన, అందరూ భయపడే జాతిది. రెండింటినీ జనం గుండెలకు హత్తుకున్నారు. అసలు స్నేహం అలాగే ఉంది కాబట్టి.

అయితే ఏ రూపమూ దానంతటది కథను కాపాడదు. ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ కూడా రెండుసార్లు తెరకెక్కింది: 2004లో అమెరికాలో టీవీ మినీ సిరీస్‌గా, 2006లో జపాన్‌లో యానిమేషన్ సినిమాగా. ఆమె తన లోకంలో ఎక్కువమందిని ముదురు రంగు మనుషులుగా కావాలనే రాశారు. హీరో గెడ్‌ది రాగి గోధుమ రంగు. మినీ సిరీస్‌లో ఆ పాత్రను తెల్లవాడిగా మార్చారు. ఆమె బహిరంగంగా వ్యాసం రాసి నిరసన చెప్పారు. యానిమేషన్‌లో వేరే వేరే పుస్తకాల ముక్కలు కలిపి కొత్త కథ అల్లారు, అందులో తన కథ కనిపించలేదని ఆమెకు అనిపించింది. రెండు చోట్లా ఆ లోకం ఎందుకు అలా ఉందో అడగకుండానే మార్చేశారు.

లిమిటెడ్ సిరీస్, అంటే ఒక్క సీజన్‌తో ముగిసిపోయే సిరీస్, గురించి కొద్దిగానే చెప్పాలి. కథ ఒక్క పెద్ద పుస్తకంలో ముగిసిపోతే ఇంతకంటే మంచి దారి లేదు. జొనథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్ అనే లావుపాటి నవలను 2015లో బీబీసీ ఏడు ఎపిసోడ్లలో చక్కగా ముగించింది. రద్దవుతుందన్న భయం లేదు. అయిదారు పుస్తకాల వరుసకు మాత్రం ఇది సరిపోదు.

నన్నడిగితే

ఒకే గమ్యం, మూడు నాలుగు పుస్తకాలు, భూమ్యాకాశాలు కనిపించాల్సిన కథ: సినిమాలు. అదీ అన్నీ కలిపి తీసేటట్టయితేనే, లేదా కనీసం మొదటిది తనంతట తాను ముగిసే కథైతేనే. ఎందరో మనుషులు, ఎన్నో కుట్రలు, ఎవరు మంచివాళ్లో చివరిదాకా తేలని కథ: సిరీస్. సీజన్‌కొక పుస్తకం, అయిదారు సీజన్లకు మించకుండా. నార్నియాలాగా పుస్తకాలు గడిచేకొద్దీ హీరోలు మారే కథల్ని వరుసగా తీయాలన్న పట్టుదల అక్కర్లేదు. ఒక్కొక్కటీ విడిగా నిలబడుతుంది కాబట్టి బలమైన నాలుగింటిని ఎంచుకున్నా చాలు, 1988 నుంచి 1990 దాకా బీబీసీ అలాగే నాలుగు పుస్తకాలు తీసింది. జంతువులు మాట్లాడే, రూపాలు మారే, పిల్లలు పిల్లలుగానే ఉండాల్సిన కథ: సందేహం లేకుండా యానిమేషన్. ఈ చివరిదాన్ని నేను గట్టిగా చెబుతాను. ఎంతోమంది దీన్ని ప్రయత్నించకుండానే వదిలేస్తున్నారు.

ఈ నాలుగింట్లో ఏది ఎంచుకున్నా, పుస్తకాలు ఇంకా పూర్తికాకపోతే లెక్క మారుతుంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదలైన ఏడాదే అయిదో పుస్తకం వచ్చింది. ఆరోది రాకముందే, 2019లో సిరీస్ ముగిసిపోయింది. ఏడో సీజన్ ఏడు, ఎనిమిదోది ఆరు ఎపిసోడ్లకు కుదించారు. పాత్రలు మారడానికి పుస్తకాల్లో వందల పేజీల సమయం ఉంటే, తెర మీద ఒకటి రెండు ఎపిసోడ్లే మిగిలాయి. ఆ తొందరపాటు నాలాంటి ఎంతోమందిని ఇప్పటికీ బాధపెడుతుంది. పూర్తికాని సిరీస్‌ను తీసుకోవాలంటే రచయిత దగ్గర కూర్చుని ముగింపును వివరంగా రాయించుకోండి. ఎవరు చనిపోతారు అన్నది ఒక్కటే సరిపోదు, ఆ మనిషి ఆ స్థితికి ఎలా వచ్చాడో కూడా కావాలి.

హ్యారీ పాటర్ సినిమాలు మొదలయ్యేటప్పటికి కూడా నాలుగు పుస్తకాలే వచ్చాయి. అక్కడ రచయిత్రి అందుబాటులో ఉన్నారు. అయిదో సినిమా స్క్రీన్‌ప్లేలో క్రీచర్ అనే ముసలి ఇంటి సేవకుడి పాత్ర పెద్దగా ఏమీ చేయడంలేదని తీసేయబోయారు. ఏడో పుస్తకం అప్పటికింకా జనం చేతికి రాలేదు. తీసేస్తే తర్వాత మీరే ఇబ్బంది పడతారని ఆవిడ చెప్పారు. రెండు మూడు సన్నివేశాలతో క్రీచర్‌ను ఉంచారు. 2010లో వచ్చిన ఏడో సినిమాలో కథకు కీలకమైన ఒక లాకెట్ ఎక్కడుందో హ్యారీ తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ సంగతి చెప్పగలిగినవాడు ఆ క్రీచరే.